ఊక, బొగ్గు, ఊపిరి: రంగూను మిల్లుల చరిత్రలో కొంత

రంగూను పట్టణానికి తూర్పు అంచున పజున్‌డౌంగ్ అనే పాయ రంగూను నదిలో కలుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో ఆ పాయ గట్ల వెంబడి బియ్యపు మిల్లులు వరసగా లేచాయి. బ్రిటిషు కాలపు గెజెటీర్లలో ఆ పాయను వర్ణించేచోట ఒక చిన్న మాట కనిపిస్తుంది: మిల్లులు వదిలే ఊక లెక్కకు మించి చేరి పాయ ముఖద్వారం పూడుకుపోతున్నదని. ఊక మనకు తేలికదనానికి మారుపేరు. సారం లేని ప్రసంగాన్ని ఊకదంపుడు అంటాం. అంత తేలికైన పదార్థం పడవలు తిరిగే ఏటిని పూడ్చిందంటే ఆ మిల్లులు ఎంత ధాన్యం ఆడి ఉండాలి? ధాన్యం ఆడినచోట లేచిన దుమ్ము ఎంత? అది ఎవరి ఊపిరితిత్తులలోకి పోయింది?

ఈ చివరి ప్రశ్నకు జవాబు తెలుగునాట వెదకాలి. మా శ్రీకాకుళం ప్రాంతపు పెద్దలు రంగూనును 'రంగం' అనేవారు. 'రంగం పోయాడు' అంటే ఒక తరంలో బ్రతుకుతెరువుకు పోయాడని అర్థం. కొన్ని ఇళ్ళలో ఆ మాట అంటే మళ్ళీ రాలేదనే అర్థం. ఆ మిల్లులలో బస్తాలు మోసినవారు, ధాన్యం ఎగదోసినవారు, ఊక తోడినవారు ఎక్కువమంది తెలుగువారే.

నేను వైద్యుణ్ణి, చరిత్రకారుణ్ణి కాను. మొక్కల వ్యర్థాలతో గాలిని శుభ్రం చేసే వడపోతల గురించి ఈ మధ్య వస్తున్న పరిశోధనలను చదువుతూ, వాటి వెనకటి కథ తెలుసుకోబోయి ఈ పాయ దగ్గర ఆగిపోయాను. గాలి వడపోత చరిత్ర ఆరంభం నుండీ మొక్కల చరిత్రే. కట్టెబొగ్గు, దూది, పీచు పండ్ల గింజలు, కొబ్బరి చిప్పలు, గడ్డి పీచు, అన్నీ అందులో ఉన్నాయి. లోకంలో అప్పటి అతిపెద్ద ఊకకుప్పలలో ఒకటి రంగూనులో ఉండేది. దుమ్ము పీల్చే మనుషులూ అక్కడే ఉన్నారు. అయినా ఈ రెండు కథలూ ఒకదాన్నొకటి ఎన్నడూ కలుసుకోలేదు.

ముందు మిల్లుల సంగతి. 1852లో రెండవ ఆంగ్లో-బర్మా యుద్ధం తరువాత దిగువ బర్మా బ్రిటిషువారి వశమైంది. అప్పటికి ఐరావతీ డెల్టా చాలావరకు అడవి, చిత్తడి. 1850ల నాటికి పది లక్షల ఎకరాలు కూడా లేని వరిసాగు, 1930ల నాటికి కోటి ఎకరాలకు చేరువైంది. ఈ మార్పులో 1869లో తెరుచుకున్న సూయజ్ కాలువ పాత్ర పెద్దది. అంతకుముందు ఐరోపాకు ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి నెలల తరబడి పోవలసి వచ్చేది. తెల్లగా పాలిషు పట్టిన బియ్యం ఆ ప్రయాణంలో చెడిపోయేది. అందుకని ఓ మోస్తరుగా దంపి, అయిదో వంతు వరకు వడ్లను అలాగే కలిపి ఎగుమతి చేసేవారు. దానికి 'కార్గో రైస్' అని పేరు. దారి దగ్గరయ్యాక బియ్యాన్ని రంగూనులోనే పూర్తిగా ఆడి పంపడం సాధ్యమైంది. అంటే అంతవరకు కొంత ఐరోపా మిల్లులలో లేస్తూ వచ్చిన దుమ్ము కూడా రంగూనుకు బదిలీ అయిందన్నమాట. ఈ మాట ఏ ఆర్థిక చరిత్రలోనూ చెప్పవలసినంత గట్టిగా చెప్పినట్టు నాకు తోచదు.

1920ల చివరికి బర్మా ఏటా సుమారు ముప్ఫై లక్షల టన్నుల బియ్యాన్ని ఎగుమతి చేసేది. నూరు కిలోల వడ్లు ఆడితే ఇంచుమించు ఇరవై కిలోల ఊక వస్తుంది. బియ్యం అరవైయైదు నుండి డెబ్భై కిలోలు. మిగిలినది తవుడు, చిట్టు, దుమ్ము. ఈ లెక్కన ఎగుమతి బియ్యం ఒక్కదాని కోసమే ఏటా ఎనిమిది లక్షల టన్నులకు పైగా ఊక పుట్టి ఉంటుంది. ఇది నేను వేసుకున్న కాకిలెక్కే గాని, పాయ పూడిక కారణాన్ని అర్థం చేసుకోవడానికి చాలు.

ఈ ఊకలో చాలా భాగం బాయిలర్లకే పోయేది. స్కాట్లండులోని కర్కాల్డీ పట్టణానికి చెందిన డగ్లస్ అండ్ గ్రాంట్ వంటి కంపెనీలు బర్మా మిల్లులకు ఆవిరియంత్రాలను తయారుచేసి పంపేవి. మెట్లమెట్లుగా అమర్చిన ఇనుపజల్లెడ మీదుగా ఊక జారుతూ మండే పొయ్యిలు వాటి ప్రత్యేకత. బొగ్గు కొనకుండా, కట్టె కొట్టకుండా మిల్లు తన వ్యర్థంతో తానే తిరిగేది. నేటి పరిభాషలో దీన్ని సుస్థిర సాంకేతికత అంటారు. కానీ పొగగొట్టం నుండి బూడిద ఊరిమీదకు వచ్చేది, మిగులు ఊక ఏట్లోకి పోయేది, ఆడించే గదిలోని దుమ్ము గదిలోనే ఉండేది. వ్యర్థాన్ని వాడుకున్నంత మాత్రాన గాలి బాగుపడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ గదిలో పనిచేసినవారిని బర్మాలో 'కోరంగీలు' అనేవారు. గోదావరి ముఖాన ఒకప్పుడు పెద్ద ఓడరేవుగా వెలిగి, 1839 తుపానుకు దెబ్బతిన్న కోరంగి పేరు మీదుగా వచ్చిన మాట అది. తరువాతి కాలంలో జనం కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, గోపాలపురం రేవులలో స్టీమరెక్కారు. మేస్త్రీ ముందుగా కొంత సొమ్ము ఇచ్చి జట్టును తీసుకుపోయేవాడు, ఆ అప్పు కూలిలోంచి తీరేది. మిల్లుల పని పంటతో ముడిపడినది. జనవరిలో ఊపందుకుని వేసవి వరకు జోరుగా సాగేది. వానలలో పని తగ్గేది. కొందరు డెల్టాలో కోతలకు పోయి, అవి ముగిశాక మిల్లులకు వచ్చి, ఆ తరువాత ఇంటికి తిరిగేవారు. 1931 జనాభా లెక్కలలో రంగూను జనం సుమారు నాలుగు లక్షలైతే, అందులో రెండు లక్షల పన్నెండు వేలకు పైగా భారతీయులు. కూలి జనంలో తెలుగువారి సంఖ్య పెద్దది.

వారి గురించి రాతలు లేకపోలేదు. 1928లో బెనిసన్ రంగూను శ్రామికుల జీవన వ్యయంపై ఒక నివేదిక తయారుచేశాడు. విట్లీ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషన్ 1931లో భారత కార్మికులపై తన నివేదికను ఇచ్చింది, అందులో బర్మాకూ చోటుంది. 1933లో ఆండ్రూ రాసిన 'ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్', అదే ఏడాది నారాయణరావు రాసిన 'ఇండియన్ లేబర్ ఇన్ బర్మా' వచ్చాయి. ఇవన్నీ ముఖ్యంగా పట్టించుకున్నవి కూలి, అప్పు, మేస్త్రీ పెత్తనం, ఒకే గదిలో కిక్కిరిసి పడుకునే బసలు. అవి పట్టించుకోవలసినవే. కానీ దుమ్ముకు అప్పు వంటి లెక్క ఉండదు. అది రశీదు ఇవ్వదు.

ఇక్కడ వైద్యుడిగా కొంత చెప్పాలి. వడ్ల దుమ్ము ఒకే రకమైనది కాదు. ఊక పైపొరమీద సన్నని నూగు ఉంటుంది. అది గాజు ముక్కలంత గరుకు, ఎందుకంటే వరి మొక్క నేలలోని సిలికాను పీల్చుకుని ఊకలో దాచుకుంటుంది. ఊక బరువులో పదిహేను నుండి ఇరవై శాతం వరకు సిలికాయే. అందుకే పశువులు ఊకను ముట్టవు, అందుకే అది ఏట్లో త్వరగా కుళ్ళదు. పెద్ద రేణువులు ముక్కు, గొంతు, కళ్ళ దగ్గర ఆగి మంట పుట్టిస్తాయి. సన్ననివి శ్వాసనాళాల లోతుకు పోతాయి. వాటితోబాటు బూజు బీజాలు, పురుగుల పొడి, తవుడు పొడి కూడా పోయి ఉబ్బసం వంటి ప్రతిచర్యలు రేపుతాయి. మలేషియాలో బియ్యపు మిల్లుల పనివారిని పరీక్షించిన వైద్య బృందం ఒకటి 1984లో ఒక బ్రిటిషు వైద్య పత్రికలో ఈ లక్షణాలన్నిటినీ కలిపి 'రైస్ మిల్లర్స్ సిండ్రోమ్' అని పేరుపెట్టింది. కళ్ళ మంట, చర్మం దురద, దగ్గు, కొందరి ఎక్స్‌రేలలో మచ్చలు, రక్తంలో ఇస్నోఫిల్ కణాల పెరుగుదల. రంగూనులో ఆవిరి మిల్లులు లేచిన శతాబ్దం తరువాత ఈ జబ్బుకు ఒక పేరు దొరికింది.

బాయిలరు దగ్గరి పని మరో ముప్పు. ఊకను తక్కువ వేడిలో కాలిస్తే సిలికా స్ఫటికరూపం లేకుండానే ఉంటుంది. వేడి మితిమీరితే కొంత క్రిస్టోబలైట్ అనే స్ఫటికంగా మారుతుంది. ఊపిరితిత్తిలో మచ్చకట్టించే సిలికోసిస్‌కు కారణమయ్యే సిలికా రూపాలలో అది ఒకటి. బూడిద తోడినవాడికి ఈ తేడా ఎలా తెలుస్తుంది?

ఇంకొక మాట. ఇలాంటి జబ్బులు ఒక్క సీజనులో బయటపడవు. ఏళ్ళ తరబడి పీల్చాక, పని చెయ్యలేని స్థితి వచ్చాక మనిషి ఇంటికి తిరిగిపోతాడు. రంగూను ఆసుపత్రి పుస్తకాలలో మిగిలేది పనిచేయగలిగినంత ఆరోగ్యంగా ఉన్నవాడి జ్వరమో, దెబ్బో. దగ్గు ఏ టెక్కలిలోనో, పిఠాపురంలోనో ముదిరి ఉంటుంది. అక్కడ దానికి క్షయ అనో, ఆయాసం అనో పేరు పడి ఉంటుంది. వలస కూలీల జబ్బులు లెక్కకు అందకపోవడానికి అన్ని దేశాలలోనూ ఇది ఒక కారణం.

ఇదే కాలంలో వడపోతల కథ ఇంకెక్కడో నడుస్తున్నది. జాన్ స్టెన్‌హౌస్ అనే స్కాటిష్ రసాయనవేత్త కట్టెబొగ్గుకు గాలిలోని దుర్వాసనను పట్టే గుణం ఉన్నదని పరిశీలించాడు. బొగ్గుపొడిలో కప్పిపెట్టిన జంతు కళేబరాల నుండి కంపు రాకపోవడం అతన్ని ఆ దారి పట్టించింది. 1854లో అతను బొగ్గు పలకల మధ్యనుండి గాలి పోయే వడపోతను ప్రదర్శించాడు. ఆ ఏడాదే లండన్ మేయరు నివాసమైన మాన్షన్ హౌస్‌లోని న్యాయవిచారణ గదికి అటువంటి వడపోతను అమర్చారు. ముఖానికి తొడుక్కునే బొగ్గు తొడుగులనూ అతను తయారుచేశాడు. దుర్వాసనే రోగమని నమ్మిన కాలం అది. అదే 1854లో, అదే నగరంలో, కలరా గాలివల్ల కాక నీటివల్ల వస్తున్నదని జాన్ స్నో బ్రాడ్ వీధి బోరింగు దగ్గర నిరూపించే పనిలో ఉన్నాడు. సిద్ధాంతం తప్పే. అయినా పరికరం నిలిచింది. వైద్య చరిత్రలో ఇటువంటివి చాలా ఉన్నాయి.

బొగ్గు పట్టేది వాయువులను, వాసనలను. దాని లోపలి సూక్ష్మరంధ్రాల గోడలకు అణువులు అంటుకుంటాయి. దుమ్మును ఆపడానికి పీచు కావాలి. ఆ సంగతిని కళ్ళకు కట్టినట్టు చూపినవాడు జాన్ టిండాల్. తెలుగు మాధ్యమంలో చదివిన మావంటివారికి అతను పదో తరగతి 'టిండాల్ ప్రభావం'గానే పరిచయం: చీకటిగదిలో వెలుగుబారులో ధూళి మెరవడం. 1870లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో దుమ్ము, రోగం అనే అంశంపై చేసిన ప్రసంగంలో అతను ఆ వెలుగుబారులోకి ఊపిరి వదిలి చూపించాడు. ఊపిరి చివరి భాగం, అంటే ఊపిరితిత్తుల అట్టడుగు నుండి వచ్చే గాలి, ఆ వెలుగుదారిలో నల్లని ఖాళీని సృష్టించింది. అందులో ధూళి లేదు. ధూళి లోపలే ఉండిపోయింది. ఆ తరువాత దూదిపొరగుండా గాలి పీల్చి వదిలితే మొదటినుండే నలుపు. దూది ముందే దుమ్మును పట్టేసింది. మరుసటి ఏడాది అగ్నిమాపక దళాలవారికోసం గ్లిజరిన్‌లో తడిపిన దూదినీ బొగ్గునూ పొరలుగా అమర్చిన తొడుగును అతను రూపొందించాడు.

నేను వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడు ఈ ప్రయోగం చదవలేదు. చాలా ఆలస్యంగా చదివి, ఒక పూటంతా దాని గురించే ఆలోచించాను. ఊపిరితిత్తి తానే ఒక వడపోత. వేరే వడపోత లేనిచోట అదే పనిచేస్తుంది, పాడయ్యేదాకా పనిచేస్తుంది. పజున్‌డౌంగ్ మిల్లులలో ఏళ్ళ తరబడి గాలిని వడపోసింది కోరంగీల ఊపిరితిత్తులే.

రంగూనులో దూది కరువేమీ కాదు. ఎగువ బర్మాలోని మ్యింజాన్ ప్రాంతంలో పత్తి పండుతుంది. ఖర్చూ పెద్దది కాదు. మరి ఎందుకు జరగలేదు? దీనికి సమాధానం మరో దేశపు మిల్లులో కొంత దొరుకుతుంది. 1878 మే 2న అమెరికాలోని మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ పిండిమిల్లు పేలిపోయింది. గాలిలో తేలే గోధుమపిండికి నిప్పంటుకుని పద్ధెనిమిదిమంది చనిపోయారు. మిల్లుల జిల్లాలో చాలా భాగం ధ్వంసమైంది. ఆ తరువాత పిండిమిల్లులలో దుమ్మును పట్టే యంత్రాలపై శ్రద్ధ ఒక్కసారిగా పెరిగింది. గాలిని సుడి తిప్పి దుమ్మును కిందకు రాల్చే 'సైక్లోన్'కు 1885లో అమెరికాలో పేటెంటు లభించింది. దుమ్ము యజమాని ఆస్తిని కాల్చగలదని తెలిశాక దానికి వడపోత దొరికింది. వరిదుమ్ము గోధుమపిండి అంత తేలికగా పేలదు. అది మనిషిని మాత్రమే, అదీ నెమ్మదిగా, కబళిస్తుంది.

రెండో పెద్ద మలుపు యుద్ధం. 1915 ఏప్రిల్ 22న ఈప్రెస్ దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువును వదిలింది. ఆ ఏడాదే రష్యాలో నికొలాయ్ జెలిన్‌స్కీ భూర్జవృక్షపు బొగ్గును ఉత్తేజితం చేసి ముసుగులో వాడాడు. అమెరికా యుద్ధంలో దిగాక కొబ్బరిచిప్పల బొగ్గు అన్నిటికన్నా మేలని తేల్చుకుంది. చిప్ప గట్టిది, దాని బొగ్గులో రంధ్రాలు చాలా సన్నవి, విషవాయువును పట్టడానికి సరిగ్గా అటువంటివే కావాలి. కొబ్బరి చాలక 1918లో పీచు పండ్ల గింజలు, వాల్‌నట్ పెంకులు దాచి ఇమ్మని ప్రజలను కోరారు. వీధిమూలల్లో పీపాలు పెట్టారు. రెడ్‌క్రాస్‌వారు, స్కౌటు పిల్లలు పోగుచేశారు. ఒక ముసుగుకు సుమారు 200 పీచు గింజలు పట్టేవి. వంటింటి చెత్త సైనికుడి ప్రాణం కాపాడుతుందన్న నినాదం ఒక దేశాన్ని కదిలించింది. రెండవ ప్రపంచయుద్ధంలో, 1942లో ఫిలిప్పీన్స్ జపాను చేతికి చిక్కి కొబ్బరి సరఫరా దెబ్బతిన్నప్పుడు, రంపపుపొట్టును జింక్ క్లోరైడుతో కలిపి కాల్చిన బొగ్గును వాడారు.

నేడు మీ ఇంట్లో గాలిని శుభ్రంచేసే యంత్రం ఉంటే, అందులో నల్లని పొర తరచుగా కొబ్బరిచిప్పల బొగ్గే. తెల్లని మడతల పొరకూ మొక్కల గతం ఉంది. అణుబాంబు తయారీలో రేడియోధార్మిక ధూళిని ఆపడానికి 1940లలో అమెరికా సైన్యం రూపొందించిన తొలి మేటి వడపోత కాగితాలలో మొక్కల సెల్యులోజ్ పీచుతో ఆస్బెస్టాస్ కలిసి ఉండేది. ఊపిరితిత్తులను కాపాడే కాగితంలో ఊపిరితిత్తులకు కాన్సరు తెచ్చే ఖనిజం! 1950లలో, సెల్యులోజ్‌కు నిప్పు భయం ఉన్నందువల్ల కూడా, గాజుపీచు దాని స్థానాన్ని ఆక్రమించింది.

రంగూనులో కథ వేరే దిక్కుకు పోయింది. 1930 మేలో కూలి పెంచమని తెలుగు ఓడరేవు కూలీలు సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మీయులను తెచ్చి, సమ్మె పరిష్కారమయ్యాక వారిని వెనక్కి పంపారు. మే 26న మొదలైన అల్లర్లలో అధికారిక లెక్క ప్రకారమే సుమారు 120మంది చనిపోయారు. చనిపోయినవారిలో అత్యధికులు భారతీయులు, అందులోనూ తెలుగువారు. ఆర్థిక మాంద్యంలో బియ్యం ధర కూలింది. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాయి. తరువాతి నెలలలో లక్షలాది భారతీయులు అడవిదారిన కాలినడకన ఇళ్ళకు బయలుదేరారు. ఏళ్ళ తరబడి ఊకదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులతో అరకాన్ కొండలెక్కినవారి సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆయాసం వస్తుంది.

మియన్మార్‌లో ఊక మాత్రం ఉంది. కరెంటు రాని పల్లెలలో, చిన్న మిల్లులలో ఊకను అరకొర గాలిలో కాల్చి వాయువుగా మార్చి ఇంజన్లు నడిపే గాసిఫయర్లు అక్కడ చాలా ఏళ్ళుగా ఉన్నాయి. ఆ వాయువులో తారు, మసి ఉంటాయి, అలాగే పంపితే ఇంజను పాడవుతుంది. అందుకని ముందు నీటితో కడిగి, తరువాత బొగ్గు, ఊక, రంపపుపొట్టు, గుడ్డ వంటి పొరలగుండా వడపోస్తారు. మొక్కల వ్యర్థంతో చేసిన వడపోతే అది. అయితే కాపాడేది ఇంజనును. కడిగిన నల్లని తారునీరు మళ్ళీ ఏ కాలువలోకో చేరే ప్రమాదం అలాగే ఉంది.

పరిశోధనశాలలలో ఊకనుండి ఉత్తేజిత బొగ్గు చేస్తున్నారు. క్షారంతో సిలికాను తొలగిస్తే అది ఉన్నచోట్ల రంధ్రాలు మిగిలి, బొగ్గు వాయువులను పట్టే శక్తి పెరుగుతుంది. వరిగడ్డినుండి అతి సన్నని సెల్యులోజ్ పీచు తీసి దుమ్మును ఆపే పొరలు అల్లే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. నాకు వీటిమీద ఆశ ఉంది, కానీ కొన్ని అడ్డంకులను దాచడం మంచిది కాదు. ఎన్95 ముసుగులోని ప్లాస్టిక్ పీచుకు స్థిరవిద్యుత్తు ఎక్కిస్తారు. అది సన్నని రేణువును లాగుతుంది గనుక పొర పలుచగా ఉన్నా చాలు, ఊపిరి కష్టం కాదు. సెల్యులోజ్ తేమను పీలుస్తుంది, ఆ విద్యుత్తును నిలుపుకోలేదు. పొర మందం పెంచితే ఊపిరి పీల్చడం బరువవుతుంది. బరువు మోసే కూలీ అటువంటి ముసుగును పది నిముషాలలో తీసి పక్కన పెడతాడు. పైగా యాంగోన్‌లో ఏడాదికి 2700 మిల్లీమీటర్ల వరకు వాన కురుస్తుంది. జూన్ నుండి తడిసి ఉండే గాలిలో గడ్డిపీచు వడపోతకు బూజు పట్టకుండా ఎంతకాలం నిలుస్తుందన్నది ఫలితాలకన్నా ముందు తేల్చవలసిన ప్రశ్న. ముసుగుకన్నా, యంత్రం దగ్గరే దుమ్మును లాగి మార్చివేయగలిగే ఊకబొగ్గు, పీచు పరుపులగుండా పంపడం మేలని నా అభిప్రాయం. పరుపు మందంగా ఉన్నా నష్టం లేదు, లాగేది ఫ్యానే గాని మనిషి కాదు. పాడైన పరుపు మిల్లు పొయ్యికే పోతుంది.

మా ఊరి బడి వెనుక ఒక మిల్లు ఉండేది. మిల్లాడే రోజున కిటికీలు మూసినా పలకల మీద సన్నని పొర పేరుకునేది. అక్కడ పనిచేసేవారు తువాలును ముక్కుకు చుట్టుకుని, వెనక్కి ముడివేసుకునేవారు. టిండాల్ దూది ఒక ప్రయోగశాలలో చేసిన పనిని ఆ తువాలు కొంతైనా చేసి ఉంటుంది.

చాలా ఏళ్ళ తరువాత, ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో హౌస్ సర్జనుగా ఉన్నప్పుడు, ఆ మిల్లుల ప్రాంతంనుండే ఒక ముసలాయన వచ్చాడు. మెట్టు ఎక్కలేని ఆయాసం. బీడీలు కాల్చేవాడు గనుక నేను అంతకుమించి అడగలేదు. తన తండ్రి రంగంలో మిల్లు పని చేసి దగ్గుతో తిరిగి వచ్చాడని, తానూ నలభై ఏళ్ళు ఊకలోనే ఉన్నానని ఆయనే చెప్పాడు. నేను విన్నాను, మందులు రాశాను. కేసు షీటులో వృత్తి అన్నచోట 'కూలి' అని రాసి, తరువాతి మంచం దగ్గరకు వెళ్ళాను.